అన్నం వెళ్లే దారి

మావారికి బాలానగర్‌లో ఒక కార్ఖానాలో ఉద్యోగం దొరకడంతో, పెళ్లయిన మరుసటి ఏడాది నేను గుంటూరు వైపు నుంచి హైదరాబాదు వచ్చాను. డెబ్బయ్యవ దశకం అప్పుడే మొదలవుతోంది. బీయస్సీ, బీఎడ్ చదివి ఇంట్లో కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది. సైన్సు చెప్పడానికి ఎవరూ రావడం లేదని రాయదుర్గం బడిలో నన్ను తాత్కాలికంగా తీసుకున్నారు. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరికీ మెట్రో ఆఖరి స్టేషను గుర్తొస్తుంది. అప్పుడు బస్సు దిగాక రెండు మైళ్లు బండల మధ్య కాలిబాటలో నడవాలి. ఎండాకాలం ఆ బండలు సాయంత్రానికి కూడా చల్లారేవి కావు. చెప్పుల్లోంచి సెగ తగిలేది.

బడి అంటే రెండు గదులు, ఒక వసారా. ఏడో తరగతి వరకు ఉండేది. హెడ్మాస్టరుగారు ఆ చుట్టుపక్కల ఊళ్లవారే. చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్నారు. తెలుగు మాట్లాడుతున్నా సగం మాటలు ఉర్దూవే దొర్లేవి. నేను మొదటి రోజు ఏదో చెప్పి చివర "అండి" అంటే పిల్లలందరూ కిసుక్కున నవ్వారు. ఊళ్లో నాకు "ఆంధ్ర టీచరమ్మ" అని పేరు పడిపోయింది. అందులో కోపం ఉందో, ఊరికే గుర్తుకోసం అంటున్నారో తెలియక కొన్నాళ్లు బాధపడ్డాను. ఆ ముందరి ఏళ్ల ప్రత్యేక రాష్ట్రం గొడవలు ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

నాతో మొదట మాట కలిపింది బడి ఊడ్చి, బావిలోంచి నీళ్లు తోడి కుండలు నింపే ఆవిడ. ముప్పయ్యయిదేళ్లుంటాయేమో. పిల్లలూ పెద్దలూ అందరూ ఆమెను అక్క అనే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను. ఆమె నన్ను "నువ్వు" అనేది. మా వైపు పరాయివాళ్లు అలా అంటే మొహం మీద కొట్టినట్టుంటుంది. ఆమె హెడ్మాస్టరుగారినీ నువ్వనే అంటుందని గమనించాక, అది మర్యాద తక్కువ కాదని, ఇక్కడి మాట తీరే అంతని తెలిసింది. ఆమె భర్త బండలు కొట్టేవాడు. రాయదుర్గం గుట్టల్లో ఉలీ సుత్తీ చప్పుడు పొద్దుటి నుంచీ వినిపిస్తూనే ఉండేది.

ఏడో తరగతిలో జీర్ణవ్యవస్థ పాఠం వచ్చింది. నాకది కంఠస్థం. నోరు, ఆహారవాహిక, జీర్ణాశయం, ఆంత్రమూలం, చిన్నపేగు, పెద్దపేగు అని గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. పరీక్షల్లో ఆ ప్రశ్నకు నాకెప్పుడూ మంచి మార్కులే. బడిలో చార్టు లేదు కాబట్టి నల్లబల్ల మీద సుద్దముక్కతో బొమ్మ వేశాను. కాలేయం ఎక్కడుంటుందో మీ ఒంటి మీద చెయ్యి పెట్టి చూపించండి అన్నాను. తరగతి మొత్తం ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుంది.

నేను ఏదో పొరపాటు వేశానేమోనని బొమ్మవంక చూశాను. బొమ్మ సరిగ్గానే ఉంది. బొమ్మలోని మనిషి మనకెదురుగా నిలబడ్డాడు కాబట్టి అతని కుడి మన ఎడమకు వస్తుందని నేను చెప్పలేదు. అసలు నాకా సంగతి ఎప్పుడూ తట్టలేదు. పుస్తకం చూసి బొమ్మ దించానే తప్ప, నా కాలేయం నాలో ఎక్కడుందో నేనే చెయ్యి పెట్టి చూసుకోలేదు. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని పక్కటెముకల కింద వేళ్లతో నొక్కి చూసుకున్నాను. పక్క సీటావిడ కడుపులో నొప్పా అని అడిగింది.

మర్నాడు పాఠం మళ్లీ మొదలుపెట్టాను. బల్ల జోలికి పోలేదు. చేంతాడు ఇస్తావా అక్కా, ఒక గంటలో తిరిగి ఇస్తాను అని అడిగాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదుగానీ ఇచ్చింది. దాన్ని వసారా ముందు పరిచి, అడుగులు కొలిచి, గుడ్డపీలికలు కట్టాం. నోటి నుంచి గొంతు దాటి, ఆహారవాహిక అడుగు లోపే. తరువాత జీర్ణాశయానికి ఒక నీళ్ల తిత్తి కట్టాం. ఆ తరువాత చిన్నపేగు ఇరవై అడుగుల పైమాటే. పిల్లలు వరసగా నిలబడి తాడు పట్టుకున్నారు. వసారా చాలక చివరివాళ్లు వేపచెట్టు దాటి వెళ్లారు. ఇంత పొడుగు నా కడుపులోనే ఉందా అని ఒక పిల్ల తన పొట్ట తడిమి చూసుకుంది. ఇంత పొడవు ఎందుకుంటుందో చెప్పాను. జీర్ణాశయంలో అన్నం జావలాగా అవుతుంది, చిన్నపేగు మొదట్లో కాలేయం నుంచి పసరు, క్లోమం నుంచి ఇంకో రసం వచ్చి కలుస్తాయి, ఆ తరువాత పేగు పొడుగునా లోపలి గోడలు సారాన్ని పీల్చుకుంటాయి, దానికి చోటూ సమయమూ కావాలి అని. గోడల మీద సన్నటి నూగులాంటివి ఉంటాయనీ, వాటిని ఆంత్రచూషకాలు అంటారనీ చెప్పేసరికి అర్థం కాక పిల్లల మొహాలు వాడిపోయాయి.

అంతవరకు తాడు మొదలు పట్టుకుని చూస్తున్న అక్క, బోటి కడిగినప్పుడు చేతికి తగులుతుంది కదా, తువ్వాల లెక్క ఉంటుందే, అదేనా అని అడిగింది. పిల్లలందరూ ఒక్కసారిగా అర్థమైనట్టు తలలాడించారు. నేను పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు, బోటి అంటే ఏమిటో ఊహించుకుని ఔననే అన్నాను. తరువాత కనుక్కుంటే ఆమె చెప్పింది మేక కడుపు సంగతి. మేకకు కడుపులో నాలుగు గదులుంటాయి, మనకు ఒకటే. ఆ తేడా కూడా మర్నాడు పిల్లలకు చెప్పాను. కార్జం అంటే కాలేయమేనని నాకు పిల్లలు చెప్పారు.

తాడు చుట్టి తీసుకెళ్తూ అక్క ఆగింది. అన్నం తిత్తిలో ఎంతసేపు ఉంటుందని అడిగింది. మూడు నాలుగు గంటలు, నూనె ఎక్కువున్నవైతే ఇంకాస్త అన్నాను. ఆమె బావి దగ్గరికి వెళ్లింది.

రెండు రోజుల తరువాత, పిల్లలంతా మధ్యాహ్నం తిండికి ఇళ్లకు పోయినప్పుడు, నేను వసారాలో డబ్బా విప్పుతుంటే వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. చాలాసేపు చీపురు పుల్లలు సర్దుకుంటూ ఉంది.

"టీచరమ్మా, మూడు నాలుగు గంటలల్ల బువ్వ కిందికి దిగుతది అన్నవు గదా. మా ఇంటాయన మొన్న పగటి బువ్వ నిన్న పొద్దుమూకినంక కక్కిండు. మెతుకులు మెతుకులే ఉంటున్నయి. మరి అది గంతసేపు యాడున్నట్టు?"

డబ్బా మూత పెట్టేశాను. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఇంతవరకు దాన్ని నేను ఎవరి గురించీ చెప్పలేదు, అంతే. జీర్ణాశయంలోనే ఉంది అన్నాను. దిగాల్సిన చోట దిగడం లేదేమో అన్నాను.

"అంటే ఆ తిత్తికి కింది దర్వాజ బంద్ అయిందన్నట్టేనా?"

నేను డాక్టర్ని కాను అక్కా, కాని నాకూ అలాగే అనిపిస్తోంది అన్నాను.

ఆమె అప్పుడు మొత్తం చెప్పింది. ఏడెనిమిదేళ్లుగా అతనికి కడుపులో మంట. ఆకలైతే మంట మొదలయ్యేది, ఇంత తింటే తగ్గేది. తినే సోడా నీళ్లలో కలుపుకుని తాగేవాడు. నాలుగైదు నెలలుగా మంట తగ్గింది, బాగైపోతోందని సంతోషించారు. కాని ఇంతలో కడుపు ఉబ్బరం మొదలైంది. నాలుగు ముద్దలు తినగానే బండ పెట్టినట్టుంటుందట. రోజు మార్చి రోజు బకెట్టెడు కక్కుతాడు. కక్కాక హాయిగా ఉంటుంది. మనిషి సగమయ్యాడు. ఎవరో చేతబడి చేశారని ఇద్దరు మంత్రగాళ్ల దగ్గరికి తీసుకెళ్లారు. మొలకు తాయెత్తు కట్టారు. నడుము తగ్గిపోయి ఆ తాయెత్తు జారిపోతుంటే ఇప్పటికి రెండుసార్లు బిగించి కట్టుకున్నాడని చెప్పి ఆమె తల వంచుకుంది.

ఆ సాయంత్రం బస్సు పోతే పోనీ అనుకుని ఆమె వెంట వెళ్లాను. అతను ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. భుజాలు వెడల్పు, చేతులు పెద్దవి. ఆ భుజాల మీద చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. నన్ను చూసి లేవబోయాడు. ఏమని అడగాలో నాకు తెలియలేదు. పొట్ట చూపిస్తావా అని అడగడానికి సిగ్గు. అక్కే అతని చొక్కా పైకెత్తింది. పక్కటెముకల కింద, చర్మం లోపల, ఎడమ నుంచి కుడికి ఒక అల మెల్లగా కదిలి వెళ్లింది. కాసేపాగి మళ్లీ ఇంకొకటి. జీర్ణాశయం ముడుచుకుంటూ అన్నాన్ని ముందుకు నెడుతుందని నేను పుస్తకంలో చదివాను. ఆ నెట్టడం కంటికి కనిపిస్తుందని ఎక్కడా చదవలేదు. తెరుచుకోని తలుపును అది రోజుల తరబడి నెడుతోంది.

పట్నంలో పెద్ద దవాఖానకు పోదాం అన్నాను. అతను నవ్వాడు. దవాఖానకు పోయినవాళ్లను కోస్తారు, కోసినవాళ్లు బండలు కొట్టలేరు అన్నాడు. తన మేనమామ సంగతి చెప్పాడు. ఆయన్ను తీసుకుపోయి కోసి పంపితే ఆర్నెల్లు కూడా బతకలేదట. దేనికి కోశారు అని అడిగితే ఎవరికీ తెలియదు.

మర్నాడు హెడ్మాస్టరుగారికి చెప్పాను. ఆయన మంచి మనిషే. టోపీ తీసి బల్ల మీద పెట్టారు. "అమ్మా, మీరు కొత్తగ వచ్చిండ్రు. ఆయనకు ఏమన్న అయితే ఊరు మీ మీదికొస్తది. జర సోచాయించి చెయ్యండి" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. నాది తాత్కాలికపు ఉద్యోగం. పైగా ఆంధ్ర టీచరమ్మను. ఇంటికి వెళ్లి మావారితో చెబితే, నువ్వు పాఠం చెప్పడానికి వెళ్లావా, వైద్యం చెయ్యడానికా అన్నారు. భోజనం అయ్యాక, ఎప్పుడు వెళ్దామనుకుంటున్నావు, శనివారమైతే నేనూ సెలవు పెడతాను అన్నారు.

శనివారానికి ముందు మళ్లీ ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. ఈసారి వాదించడానికి సిద్ధపడి వెళ్లాను. వినయంగా, లెక్కగా, పాఠం చెప్పినట్టు చెప్పాను. అతను అంతా విన్నాడు. ఇంటి గోడకు ఆనించి పెట్టిన పెద్ద సుత్తి చూపించి ఒక్కటే అడిగాడు.

"కోసి కుట్టినంక నా కడుపు గా సుత్తి బరువు మోస్తదా? నువ్వు జెప్పు టీచరమ్మా."

మోస్తుంది అని ఎలా చెప్పను? నాకు తెలియదు అన్నాను. డాక్టరుగారిని అడుగుదాం, ఆయన మొయ్యదంటే అప్పుడు ఆలోచించుకుందువుగాని అన్నాను.

"అందరు తెలిసినట్టే జెప్పిండ్రు ఇన్ని దినాలు. తెల్వదని నువ్వొక్కదానివే అన్నవు. పా, పోదాం" అన్నాడు.

శనివారం నలుగురం వెళ్లాం. దవాఖాన వసారాలో రోగులు, వాళ్ల మూటలు, పిల్లలు. అక్క ఎప్పుడూ పట్నం దాకా రాలేదు. నా కొంగు వదలలేదు. చీటీ రాయించే కిటికీ దగ్గర ఒకసారి, డాక్టరుగారి గది ముందు ఒకసారి లైను కట్టి, పదకొండు దాటాక లోపలికి వెళ్లాం. ఆయన యాభై దాటిన సర్జను. కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని, అతన్ని పడుకోబెట్టి, నడుము రెండు పక్కలా పట్టుకుని ఒక్కసారి ఊపారు. సగం నిండిన కుండను కదిపితే వచ్చే నీళ్ల చప్పుడు అతని పొట్టలోంచి వచ్చింది. అతను పొద్దుటి నుంచీ ఏమీ తాగలేదు.

కక్కినదాంట్లో పసరు రంగు, అంటే పచ్చగా ఉంటుందా అని డాక్టరు అడిగారు. అక్క ఉండదని చెప్పింది. పసరు కలిసే చోటు కన్నా పైనే అడ్డుపడిందన్నమాట అని ఆయన నావైపు చూసి అన్నారు. ఎవరు మీరు అని అడిగారు. బడిలో సైన్సు చెబుతాను అన్నాను. దారి మూసుకుపోయి ఉంటుందనే వచ్చామంటే, అది ఎవరు కనిపెట్టారని అడిగారు. నేను కాదండి, ఈమే కనిపెట్టింది అని అక్కను చూపించాను. అక్క నా వెనక్కి జరిగింది.

ఆయన చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో బొమ్మ వేశారు. పుస్తకంలో బొమ్మంత అందంగా లేదు. ఒక తిత్తి, దాని కింద వంపు తిరిగిన గొట్టం. ఏళ్ల తరబడి ఇక్కడ పుండు పడి మానుతూ, పడి మానుతూ, ఆ మచ్చ బిగుసుకుపోయి దారి మూసుకుపోయిందని చెప్పారు. ముందు తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీస్తారు. అదే నిజమైతే, ఆ దారి విప్పే పని పెట్టుకోరు. తిత్తికి ఇంకోచోట రంధ్రం చేసి, చిన్నపేగును పైకి లాగి దానికే కలిపి కుట్టేస్తారు.

"పాత దర్వాజ బంద్ అయితే కొత్త దర్వాజ పెడ్తం, గంతే. ఫికర్ చెయ్యకు" అన్నారు అతనితో.

అతను సుత్తి సంగతి అడిగాడు. మూడు నెలలు బిందె కూడా ఎత్తొద్దు, తరువాత మెల్లమెల్లగా ఎత్తుకో, ఏడాదికి నీ సుత్తి నువ్వే మోస్తావు అన్నారు డాక్టరు. అతను ఆ చీటీ తీసుకుని బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూశాడు. బండకు నీళ్ల కాలువ తొలిచేటప్పుడు పగులు వస్తే తామూ పక్కనుంచి ఇంకో దారి తీస్తామని, అది అర్థమయ్యే పనేనని అన్నాడు. అక్కడికక్కడే చేరిపోయాడు.

ఎక్స్‌రేలో అదే తేలింది. కాని వెంటనే కొయ్యలేదు. వారం రోజులపాటు ముక్కులోంచి గొట్టం వేసి, ఉప్పునీళ్లతో జీర్ణాశయం కడిగారు. మొదటి రోజు ఏమేమి వచ్చాయో అక్క నాకు చెప్పబోయి, వద్దులే, నువ్వు అన్నం తినాలి గదా అని ఆపేసింది. సూదితో గ్లూకోజు ఎక్కించారు. ఎండిన మనిషి కాస్త తేరుకున్నాక, ఒక బుధవారం ఆపరేషను చేశారు. ఆ రోజు నేను బడిలో ఉన్నాను. లెక్కలు చెబుతూ రెండుసార్లు తప్పు రాసి చెరిపాను. హెడ్మాస్టరుగారు సాయంత్రం వరకు ఆగకుండా, పోండి, బస్సుకు పోండి అని నన్ను పంపేశారు. వెళ్లేసరికి అతను మంచం మీద ఉన్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. అక్క కాళ్ల దగ్గర కూర్చుని, ఊపిరి తీస్తున్నాడు చూడు, పైకి కిందికి అవుతోంది చూడు అని నాకు చూపించింది.

పేగులు ఆపరేషను తరువాత కొన్నాళ్లు పడుకుంటాయట. అవి లేచాయని తెలిసేదాకా నోటికి చుక్క ఇవ్వరు. డాక్టరు వచ్చి పొట్ట మీద స్టెతస్కోపు గొట్టం పెట్టి వినేవారు. నాలుగో రోజు గుడగుడ వినిపించిందని చెప్పారు. అక్కకు కూడా ఆ గొట్టం చెవిలో పెట్టి వినిపించారు. ఆమె జన్మలో అంత శ్రద్ధగా దేన్నీ వినలేదేమో, వింటూ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ రోజు గంటకో చెంచా నీళ్లు. మర్నాడు రెండు చెంచాలు. తరువాత గంజి తేట. పదో రోజున మెత్తటి అన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. తిని, కక్కు వస్తుందేమోనని పళ్లెం పక్కనే పెట్టుకుని సాయంత్రం వరకు ఎదురుచూశాడు. రాలేదు.

ఇంటికి వచ్చాక నెల రోజులు అంతా బాగానే సాగింది. ఇంతలో చుట్టాలింట్లో ఏదో శుభకార్యానికి వెళ్లి, ఆకలి తెలుస్తున్న సంతోషంలో, బెల్లం పరమాన్నం రెండు గిన్నెలు తిన్నాడు. పావుగంటలో ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, లేచి నిలబడబోయి పడిపోయాడట. మంచం మీద వేసి ఇంటికి మోసుకొచ్చారు. నేను మర్నాడు బడికి వచ్చేసరికి ఊరంతా ఆ మాటే. వసారాలో నిలబడ్డ ఒక పెద్దావిడ నాకు వినపడేలాగే, ఆంధ్ర టీచరమ్మ మాట విని కడుపు కోయించుకున్నాడు, కుట్లు లోపల తెగినయేమో అంది. ఆ రోజు పాఠం చెప్పానో లేదో గుర్తులేదు. హెడ్మాస్టరుగారు చెప్పిన మాటే నిజమైందనుకున్నాను. ఆయన మాత్రం ఆ మాట ఎత్తలేదు. నా తరగతి తాను చూసుకుంటానని, అతను ఇంకా లేవలేకపోతున్నాడు కనుక అక్కనైనా తీసుకుని దవాఖానకు పొమ్మని చెప్పారు.

దారి పొడుగునా అక్క నాతో మాట్లాడలేదు. నన్ను తప్పు పడుతోందనే అనుకున్నాను. డాక్టరుగారు జరిగింది విని, ఏం తిన్నాడు అని అడిగారు. పరమాన్నం అనగానే తల పట్టుకున్నారు. తప్పు నాదే, తీపి సంగతి గట్టిగా చెప్పి ఉండాల్సింది అన్నారు. ఇదివరకటి దర్వాజ కొంచెం కొంచెంగా తెరుచుకుని అన్నాన్ని వదిలేది, కొత్త దర్వాజకు ఆ తెలివి లేదు, తీపంతా ఒక్కసారిగా పేగులో పడితే పేగు ఒంట్లోని నీళ్లను లాగేసుకుంటుంది, అందుకే కళ్లు తిరిగాయి, కుట్లకేమీ కాలేదు అని చెప్పారు. రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం తినాలి. తీపి ముట్టకూడదు. తిన్నాక అరగంట పడుకోవాలి. తింటూ నీళ్లు తాగకూడదు. కొన్నాళ్లకు ఒళ్లే అలవాటు పడుతుంది.

తిరుగు బస్సులో అక్క ఒక్కసారి ఏడ్చేసింది. దారంతా నాతో మాట్లాడకపోవడం కోపంతో కాదట. ఏమన్నా అయితే టీచరమ్మను ఊళ్లోంచి పంపేస్తారు, ఇంత చేసినామెకు ఏం ముఖం చూపించను అని భయపడుతూ కూర్చుందట. ఇద్దరం ఒకరి గురించి ఒకరం భయపడుతూ అంత దూరం వెళ్లామన్నమాట. నేను కూడా ఏడ్చాను, నవ్వాను. బస్సులో వాళ్లు చూస్తున్నారని కూడా పట్టించుకోలేదు.

ఆరుసార్లు తినడం బండలు కొట్టేవాడికి సులువు కాదు. అక్క చిన్న చిన్న గిన్నెలు మూతలు పెట్టి వరసగా చూరు కింద పెట్టేది. సూర్యుడు గుట్ట మీదికి వస్తే ఒకటి, బడి మొదటి గంటకు ఒకటి, ఇలా లెక్క పెట్టుకుంది. జొన్నరొట్టె పాలల్లో నానబెట్టి పెట్టేది. మూడు నెలలకు అతని బుగ్గలు పూడాయి. మొలతాడు వదులు చేసి కట్టుకున్నాడు. తాయెత్తు మాత్రం తియ్యలేదు, దాని పని అది చేసి ఉంటుందని. నేనూ తియ్యమని చెప్పలేదు.

పెద్ద బండల జోలికి వెంటనే పోవద్దని చెప్పడంతో, రోళ్లు, ఇసుర్రాళ్లు చెక్కే పని మొదలుపెట్టాడు. కూర్చుని చేసుకునే పని అది. చేతిలో నేర్పు ఉందని అప్పుడే బయటపడింది. మణికొండ నుంచి కూడా మనుషులు వచ్చి చెప్పి చేయించుకునేవారు.

మరుసటి ఏడాది ఏడో తరగతికి మళ్లీ అదే పాఠం వచ్చింది. ఆ రోజు అతను బడి మెట్టు విరిగితే కొత్త రాయి వెయ్యడానికి వచ్చి, తలుపు పక్కనే పని చేస్తున్నాడు. నేను పిల్లాణ్ని ఒకణ్ని బల్ల ముందు నిలబెట్టి, కుడి ఎడమలు తేల్చుకుని, బొమ్మ వేసి, జీర్ణాశయం చివర ఒక ద్వారం ఉంటుంది, మనుషులందరికీ అక్కణ్నుంచే అన్నం చిన్నపేగులోకి వెళుతుంది అన్నాను.

"నాకు గట్ల లేదు టీచరమ్మా" అన్నాడు అతను, ఉలి ఆపి.

పిల్లలు పగలబడి నవ్వారు. నేను సుద్దముక్క అతని చేతికిచ్చాను. ముందు వద్దన్నాడు. తరువాత చేతులు తుడుచుకుని వచ్చి, నా బొమ్మలోని తిత్తికి కింది అంచున ఇంకో దారి గీసి, చిన్నపేగు మెలికను దానికి కలిపాడు. గీత సూటిగా, బలంగా వచ్చింది. అది నా గీత కన్నా బాగుంది. మరి పాత దర్వాజ ఇప్పుడేం చేస్తుందని ఒక పిల్ల అడిగింది. అతను నావైపు చూశాడు. ఉండిపోతుంది, దానికి పని ఉండదనుకుంటాను, సరిగ్గా నాకూ తెలియదు, కనుక్కుని చెబుతాను అన్నాను. అలా పిల్లల ముందు తెలియదనడం అంతకుముందు నాకు చేతకాలేదు. ఆ తరువాత ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ పిల్ల ప్రశ్నకు జవాబు డాక్టరుగారికి ఉత్తరం రాసి తెలుసుకుని, మరుసటి వారం చెప్పాను కూడా. పసరు, క్లోమరసం ఆ పాత వైపు పేగులోంచే వచ్చి కొత్త దారిలో కలుస్తాయని, కాబట్టి ఆ పేగు ఖాళీగా ఏమీ కూర్చోలేదని ఆయన రాశారు.

నాలుగేళ్లు ఆ బడిలో పని చేశాను. చివరి ఏడాది ఒక సోమవారం అక్క బడికి రాలేదు. కుండలు ఖాళీగా ఉన్నాయి. హెడ్మాస్టరుగారు విసుక్కుంటూ తానే రెండు బిందెలు తోడారు. మధ్యాహ్నం దాటాక ఆమె చెమటలు కక్కుకుంటూ వచ్చింది. ఎక్కడికి వెళ్లావని అడిగితే పట్నం అంది.

మణికొండలో ఒకామెకు నూనె వంట తింటే చాలు, కుడి పక్కటెముకల కింద నొప్పి లేస్తోందట. వారం నుంచి కళ్లు పచ్చబడ్డాయట. పసరు దిగే చోట ఏదో అడ్డుపడ్డట్టుందని అక్కకు అనుమానం వచ్చింది. నాకు చెబుదామంటే ఆదివారం, నేను బాలానగర్‌లో. ఆగడం ఎందుకని, తెల్లారుతూనే తానే ఆమెను మొదటి బస్సెక్కించి తీసుకెళ్లింది. చీటీ కిటికీ ఎటుందో తెలుసు, ఏ గది ముందు నిలబడాలో తెలుసు. డాక్టరుగారు గుర్తుపట్టారట. ఆమెకు పిత్తాశయంలో రాళ్లున్నట్టుందని చేర్చుకున్నారు, పరీక్షల్లో అదే తేలింది. తరువాత ఆమె బాగై తిరిగొచ్చింది.

నువ్వొక్కదానివే వెళ్లావా, భయమెయ్యలేదా అని అడిగాను. మొదటిసారి నీ కొంగు పట్టుకుని పోయిన, ఇప్పుడు ఆమె నా కొంగు పట్టుకుంది, ఇద్దరం భయపడితే ఎట్ల అంది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని బావి వైపు రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"రేపు ఏం పాఠం చెప్తవు టీచరమ్మా?"

గుండె, రక్తం తిరిగే తీరు అన్నాను.

"అయితే పొద్దుగాల్నే వచ్చి నీళ్లు నింపి పెట్టుకుంట. పాఠమప్పుడు నన్ను పనికి పిలువకు, నేను గూడ కూసొని వింట" అంది.